అరిగిన లోహం

మా మేనల్లుడు బొమ్మ హెలికాప్టర్‌కి 23 సి.సి. పెట్రోలు ఇంజను కొన్నాడు. గడ్డి కోసే యంత్రాల జాతిదేనట. మిథనాల్ తాగే ఇంజనుకంటే బరువెక్కువైనా తిండి చవకట. తెచ్చిన మర్నాడే విప్పేసి, పొగ పోయే రంధ్రం పైఅంచును సన్నటి ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు.

"బాగానే ఉందిగా, ఎందుకురా?"

"పై వేగంలో బలం పెరుగుతుందత్తా. కింది వేగంలో కాస్త తగ్గుతుందనుకో."

"నచ్చకపోతే?"

"అరిగిన లోహం తిరిగొస్తుందా! కొత్త సిలిండరు కొనాల్సిందే."

గడ్డి కోసేదాన్ని ఎగరమనడం తప్పని నేననను. ఎగురుతోంది కదా! కానీ పెళ్లిచూపుల్లో "పిల్ల మెతక, మన పద్ధతికి మలుచుకోవచ్చు" అని మురిసిపోతామే, మరి మనం ఎంచుకున్నది ఎవర్ని?

మా తోడికోడలు కాపురానికొచ్చిన కొత్తలో గొంతెత్తి పాడేది. "కాస్త నెమ్మదిగా" అన్నది నేనే. నిన్న పాడమని అడిగాను.

"మర్చిపోయానక్కా," అంది, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.