దరిచేరినవాడు – దాసోహధర్మము

పిలువక వచ్చినవానికి పట్టెడన్నము పెట్టుట లోకమందు పుణ్యకార్యముగా ఎన్నబడుచున్నది. కాని పెట్టినవాడు అధికుడు, తిన్నవాడు అల్పుడు అను భావము మిగిలినచో అది దానమగును గాని దాసోహము కానేరదు. ఈ రెంటికి గల అంతరమును దూరసముద్రమందలి ఒక చిన్న ఊరి చరిత్ర తేటపరచుచున్నది.

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రములో ట్రిస్టన్ డా కున్హా అను దీవి కలదు. ఆఫ్రికాలోని కేప్‌టౌనునకు అది ఇంచుమించు 2,800 కిలోమీటర్ల దూరము. విమానము దిగు తావు లేదు, ఓడపై పోవలసినదే. దీవికంతటికిని ఒకటే ఊరు. జనము 250 మందికి లోపే. 1817లో అచట నివాసమేర్పరచుకొన్న విలియం గ్లాస్ మొదలగువారు ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. సరకులలో అందరికి సమభాగము, లాభమున సమభాగము, ఎవడును తాను అధికుడనని తలపరాదు – ఇదియే దాని సారము.

1892లో బొగ్గుతో కేప్‌టౌనునకు పోవుచున్న ఇటాలియా అను తెరచాప ఓడలో సరకు అంటుకొనెను. నావికులు గత్యంతరము లేక ఓడను ఆ దీవి ఒడ్డునకెక్కించిరి. ఊరివారు వారికి ఆశ్రయమిచ్చిరి. తక్కినవారు మరలిపోయినను, రెపెట్టో, లవరెల్లో అను ఇద్దరు అచటనే నిలిచి, పెండ్లియాడి, ఊరివారితోపాటు శ్రమించి బ్రతికిరి. నేడును ఆ ఇంటిపేర్లు అచట నిలిచియున్నవి. ఆనాటి ఊరిపెద్ద పీటర్ గ్రీన్ సైతము 1836లో ఓడ పగిలి ఆ ఒడ్డు చేరిన హాలండు నావికుడే. ఇక అందు దాత ఎవడు? అతిథి ఎవడు?

బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును జంటధర్మములుగా బోధించెను. "పనిచేయనివానికి అన్నమేల?" అని కొందరు దీనికి అర్థము చెప్పుదురు. అది సరికాదు. ఒడ్డునకు వచ్చినవారిలో ఎవడు నిలుచునో, ఎవడు పోవునో ఆశ్రయమిచ్చునాడు ఊరివారెరుగరు. కాయకము అతిథి తనంత తాను తెలిసికొనవలసిన ధర్మము. అన్నము పెట్టువాడు విధించు షరతు కాదు. ఉన్నదంతయు లింగార్పితమని నమ్మినవానికి "నేను పెట్టితిని" అనుటకు తావెక్కడిది?

కావున పంక్తిలో ఆకు వేయుటకు ముందు కులగోత్రములు విచారించువాడును, వడ్డించిన పిదప గోడపై పేరు చెక్కించుకొనువాడును ఒక్కమారు ఆలోచింపవలెను. తానును ఏదో ఒకనాడు, ఎవరి దయవలననో, ఒడ్డు చేరినవాడే అని తెలిసిన గృహస్థుని ఇంటనే దాసోహము నిలుచును.