తొలి ముద్రణము

కందుకూరి వీరేశలింగముపంతులుగారి స్వీయచరిత్రము రెండు భాగములుగా 1911, 1915 సంవత్సరములలో వెలువడినది. ఏలూరిలోనో తాడేపల్లిగూడెములోనో యొక పాతయింటి యటుకమీఁద ఆ తొలిముద్రణ ప్రతి దొరకినచో, దాని నేమి చేయుట ధర్మము?

తొలిప్రతిని కోరుట తప్పు కాదు. గ్రంథకర్త జీవించియుండఁగా నచ్చయిన ప్రతి సాక్షి వంటిది. తరువాతి ముద్రణములలో దొరలిన మార్పులను పట్టి యిచ్చునది యదియే. కొల్లేటి చెంతనున్న యూళ్లలో చెమ్మయు చెదలును కాగితమునకు శత్రువులు. కావున భద్రపఱచుట కర్తవ్యమే.

అయినను భద్రపఱచుట వేఱు, బంధించుట వేఱు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించి, స్త్రీల చదువునకై జీవితమంతయు పాటుపడిన మహనీయుని చరిత్రమును బీరువాలో తాళమువేసి, ఇంటికోడలు చేయి చాఁచినచో "చిరుఁగును, ముట్టకు" మనుట యేమి గౌరవము? విగ్రహారాధనమును నిరసించినవాని పుస్తకమునే విగ్రహముగాఁ జేయుట గాదా? ఆ మమకారము పుస్తకముమీఁదిది గాదు, "ఇది నాయొద్దనే కలదు" అను మాటమీఁదిది.

కావున మేము చెప్పున దిది: తొలిప్రతిని పరిశోధకులు చూడఁగల గ్రంథాలయమున కిచ్చి, క్రొత్త ముద్రణము నొకదానిని కొని కోడలి చేతి కీయుఁడు. అది చదివి చదివి నలిగినను విచారింపకుఁడు.