విప్పి కట్టుట

మన చేతులతో కట్టినదానిని మన చేతులతోనే విప్పుట న్యాయమా? ఇంటి విషయములోనైతే పెద్దలందరు ఈ ప్రశ్న అడుగుదురు. ఆటవస్తువు విషయములో ఎవరును అడుగరు. అయినను ఈ నెల మనము ఒక ఆటవస్తువునే ముందుంచుకొని విచారింతము. కొంచెములో నమ్మకముగా ఉండువానిని మన ప్రభువు మెచ్చుకొనెను గదా.

కల్వకుర్తి చుట్టుపట్ల పిల్లలు జొన్న బెండుతో బండ్లు చేసి ఆడుకొనుట పెద్దవారికి జ్ఞాపకమే. సాయంకాలమునకు ఒకటి విరిగినచో మరునాడు మరియొకటి చేసికొందురు. దానికై ఎవరును దుఃఖపడరు. అయితే కొందరు పెద్దవారు ఒక గదినిండ బల్లలు అమర్చి, వాటిమీద సన్నని పట్టాలు పరచి, స్టేషనులు, వంతెనలు, కొండలు కట్టి, విద్యుచ్ఛక్తితో చిన్న రైళ్లను నడుపుదురు. దీనిని లే-అవుటు అందురు. ఒక్కొక్కటి ఏండ్ల తరబడి చేసిన పని. మన దేశములో పూనా పట్టణమందు జోషిగారు 1998లో ప్రజలకు తెరచిన చిన్న రైళ్ల ప్రదర్శనశాల ఇట్టిదే. అంతకు ముందు ఆయన తన లే-అవుటును ప్రదర్శనలకు మోసికొనిపోయెడివారు. విప్పుట, మోయుట, మరల కూర్చుట మిక్కిలి కష్టము గనుక, తుదకు ఒకచోట స్థిరముగా కట్టిరి. గుడారము మందిరమైనట్లే యున్నది.

ఈ పని చేయువారిలో ఒక లే-అవుటుతో తృప్తిపడువారు అరుదు. ఎందుచేతననగా, మొదట అందరు బల్లమీద ఒక వలయము వేయుదురు. రైలు తిరుగును, మరల తిరుగును. కొన్ని నెలలు అది సంతోషమే. తరువాత ఒక ప్రశ్న పుట్టును: ఈ బండి ఎక్కడికి పోవుచున్నది? ఎవరిని ఎక్కించుకొన్నది? గానుగెద్దు ఎంత దూరము నడిచినను ఊరు చేరదు. ఆ ప్రశ్న పుట్టిన దినముననే పాత లే-అవుటు, విప్పకముందే, సగము విడిపోయినదని మేము తలంచుచున్నాము.

ఇంగ్లండు సంఘములో పీటర్ డెన్నీ అను గురువు ఉండెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాతి సంవత్సరములలో ఆయన బకింగ్‌హాం అను ఊరి పేరిట ఒక లే-అవుటు మొదలుపెట్టి, దానిని పలుమారులు విప్పి కట్టెను. ఆయన బండ్లు ఊరకే తిరుగవు. కాలపట్టిక ప్రకారము ఒక స్టేషనునుండి మరియొక స్టేషనునకు గంటల సంకేతములతో నడుచును. రెండవ స్టేషనునందు గంటకు బదులు చెప్పుటకు కుమారుడు క్రిస్పిన్ ఉండెడివాడు. అతడు లేని వేళ ఆ పని చేయుటకు ఆయన ఒక యంత్రమునే కల్పించి, దానికి కుమారుని పేరు పెట్టెను! గురువునకు ఇంత తీరిక ఎక్కడిదని కొందరు అడుగవచ్చును. చేపలు పట్టు గురువును, తోట పెంచు గురువును మనమెవ్వరము అట్లు అడుగము.

ఆయన మనకు పనికివచ్చునది కొలతలో. అడుగును నాలుగు మిల్లీమీటర్లుగా తగ్గించి బండ్లు చేయుట అక్కడి వాడుక. ఆ లెక్కన ఇంగ్లండు రైలుపట్టాల నడిమి వెడల్పు, అనగా 4 అడుగుల 8½ అంగుళములు, 18.83 మిల్లీమీటర్లు కావలెను. బజారులో దొరకు పట్టాల వెడల్పు 16.5 మాత్రమే. అనగా పెద్ద బండి 4 అడుగుల 1½ అంగుళముల ఇరుకు దారిలో నడుచుచున్నట్లు. కొద్ది తేడాయే, చూచువారిలో అనేకులు కనిపెట్టరు. డెన్నీగారు 18 మిల్లీమీటర్ల దారిని ఎన్నుకొనిరి. అదియు పూర్తిగా సరికాదు, సత్యమునకు దగ్గర మాత్రమే. అయితే ఈ ఒకటిన్నర మిల్లీమీటరు కొరకు బజారు పట్టాలను విడిచి తన పట్టాలు తానే వేసికొనవలసి వచ్చును, ఇరుసులన్నిటిని మార్చవలెను.

మన వైపు చూతము. కల్వకుర్తికి రైలు లేదు. మన ప్రజలు రైలెక్కుటకు జడ్చర్లకు పోవుదురు. ఆ దారి చాల కాలము మీటరు గేజిగా ఉండి, 1990 తరువాతి సంవత్సరములలో బ్రాడ్ గేజిగా మారెను. 1,000 మిల్లీమీటర్ల వెడల్పు 1,676 ఆయెను. అదే దారి, అవే ఊళ్లు. కాని పాత బండి ఒక్కటియు కొత్త పట్టామీద నిలువదు. ఎవడైనను జడ్చర్ల స్టేషనును ఆ నాలుగు మిల్లీమీటర్ల లెక్కన ఇంటిలో కట్టదలచినచో, పాత దారికి 13 మిల్లీమీటర్లు, కొత్త దారికి 22 కావలెను. ఏ కాలపు జడ్చర్ల అని మొదట నిశ్చయించుకొనవలెను. డెన్నీగారి లోకము 1907 ప్రాంతమున నిలిచిపోయినది. ఆ తరువాత పుట్టిన యింజను ఎంత అందమైనదైనను అక్కడికి రాకూడదు.

కాబట్టి విప్పుటకు రెండు విధములైన కారణములు కలవు. విసుగు పుట్టి, లేక పొరుగువానిదానిని చూచి విప్పువాడు కొత్తదానిని కూడ రెండేండ్లలో విప్పును. పునాదిలోని కొలత తప్పని తెలిసి విప్పువాని సంగతి వేరు. వీరిద్దరిని ఎట్లు గుర్తింపవచ్చును? పాతదానిలో దేనిని దాచుకొందువని అడిగి చూడుడి. అమెరికాలో జాన్ అలెన్ అను నతడు మూడు మారులు కట్టెను. మూడవది మిక్కిలి పెద్దది. అయినను మొదటి చిన్న లే-అవుటును దానిలో ఒక భాగముగా నిలుపుకొనెను. 1973 జనవరిలో అతడు మరణించెను. కొన్ని దినములకే అగ్నిప్రమాదములో ఆ లే-అవుటు కాలిపోయెను. అంతయు వ్యర్థమేనా? వ్యర్థమని చెప్పుటకు మాకు నోరు రాదు. అతని పనిని చిత్రములలో చూచి ఎందరో కట్ట నేర్చుకొనిరి. డెన్నీగారి లే-అవుటునైతే మరియొకరు స్వీకరించి కాపాడిరి.

ఎజ్రా గ్రంథము చెప్పునట్లు, రెండవ మందిరపు పునాది వేసినప్పుడు, మొదటి మందిరమును చూచిన వృద్ధులు ఏడ్చిరి, తక్కినవారు సంతోషముతో కేకలు వేసిరి. ఏది ఏడ్పో ఏది కేకయో తెలియకపోయెను. మన గ్రామ సంఘములలో మట్టిగోడల, పెంకుల ప్రార్థనా మందిరములు తీసి స్లాబు వేయునప్పుడును ఇదే జరుగుచున్నది. ఆ గోడకు మన్ను తొక్కిన ముసలివాడు దూరముగా నిలిచి చూచును. కమిటీవారు అతనిని తొందరపెట్టకుందురు గాక. ఏ దూలము ఇంకను గట్టిది, ఏ మూల నీరు దిగును, ఏ బండమీద ఎవరి పేరు చెక్కియున్నది, ఇవన్నియు అతనికే తెలియును.

జడ్చర్లను కట్టదలచినవాడును అట్టివారియొద్దకే పోవలెను. పాత ప్లాట్‌ఫారము ఎంత ఎత్తు, ఆవిరి యింజనునకు నీళ్లు పట్టు గొట్టము ఉండెనా, ఉన్నచో ఏ వైపున, సంత దినమున మూటలు ఎక్కడ దించెడివారు? చెప్పగలవారు ఇంకను మన ఊళ్లలో నున్నారు. కాగితము, పెన్సిలు పట్టుకొని ఈ వేసవిలోనే పోవుట మంచిది.