ఆప్తుడెవరో తెలియని మాట

ఒక మాట నమ్మొచ్చా అన్నప్పుడు మనం ముందు అడిగేది 'ఎవరన్నారు?' అనే. న్యాయదర్శనం కూడా ఆప్తుడి మాటనే శబ్దప్రమాణమంది. ఆ లెక్కన వికీపీడియా విద్యార్థికి ప్రమాణం కాకూడదు. ఒక్క పేరాలోనే నలుగురి చెయ్యి ఉండొచ్చు, ఆ నలుగురూ ఎవరో తెలియకపోవచ్చు. దాని జోలికి పోవద్దనే అధ్యాపకుల వాదనకు బలమంతా ఇక్కడే ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడికి చెప్పిన లక్షణం చూడండి. విషయం సాక్షాత్తుగా తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు ఆప్తుడు. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఇదొకటే కొలత. కులం, పీఠం, పట్టా ఇందులో లేవు. మరి ఒకడికి నిజంగా తెలుసునని మనకెలా తెలియాలి? జ్ఞానానికి ప్రామాణ్యం పుట్టుకతోనే ఉంటుందనీ, దోషం బయటపడేదాకా సందేహించనక్కర్లేదనీ మీమాంసకులు; కాదు, వేరే పరీక్షతోనే అది తేలాలని నైయాయికులు. పాఠ్యపుస్తకం ముందు కూర్చున్న మన విద్యార్థి, తనకు తెలియకుండానే, మీమాంసకుడు. అచ్చయింది కాబట్టి నిజం. పదిమంది కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం అతన్ని నైయాయికుణ్ణి చేయగలదు. దాని విలువ అందులోని సమాచారం కన్నా ఇందులోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఏదో ఒక వ్యాసం తెరవండి. చదివే పాఠం పక్కనే 'చర్చ' ఉంటుంది, 'చరిత్ర' ఉంటుంది. ఏ వాక్యం ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చి చేరిందో, దాన్ని ఎవరు కొట్టేశారో, ఎవరు తిరిగి పెట్టారో వరసగా కనిపిస్తుంది. ఊరికే అనేసిన వాక్యం చివర చిన్న అక్షరాల్లో 'ఆధారం చూపాలి' అని ఉంటుంది. ఏ పాఠ్యపుస్తకమైనా తన వాక్యం పక్కన ఆ మాట అచ్చు వేసుకుంటుందా? పండితుల సర్వస్వాల్లో తప్పులు లేవా అంటే, ఉన్నాయి. 2005లో 'నేచర్' పత్రిక 42 విజ్ఞానశాస్త్ర వ్యాసాలను నిపుణులకిచ్చి చూపిస్తే, వికీపీడియాలో వ్యాసానికి సుమారు నాలుగు తప్పులు, బ్రిటానికాలో మూడు తేలాయి. ఆ లెక్కను బ్రిటానికా ఒప్పుకోలేదనుకోండి.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ గోవా నుంచి వస్తుంది. పోర్చుగీసు పాలకులకూ మరాఠాలకూ మధ్య 'బిచోలిం సంఘర్షణ' అనే యుద్ధం జరిగిందంటూ 2007లో ఇంగ్లీషు వికీపీడియాలో ఒక వ్యాసం వెలిసింది. అలాంటి యుద్ధమే లేదు. అయినా ఆ వ్యాసం 'మంచి వ్యాసం' అన్న గుర్తింపు తెచ్చుకుని 2012 చివరిదాకా దర్జాగా నిలిచింది. పదిమంది కళ్లు పడితే తప్పు దాగదన్న ధీమాకు ఇది పెద్ద దెబ్బ. కానీ అది పట్టుబడిన తీరు గమనించండి. ఎవరో అందులో ఉదహరించిన పుస్తకాల కోసం వెతికారు, ఆ పుస్తకాలు లేవు. అన్నేళ్లూ పాఠకులు నమ్మింది గుర్తింపు ముద్రను, బయటపెట్టింది మూలాల జాబితా. ముద్ర చూసి నమ్మడం అచ్చుపుస్తకం దగ్గర నేర్చుకున్న అలవాటే. ఇక విద్యార్థులు కాపీ కొడతారన్న మరో ఫిర్యాదు గైడు పుస్తకాల నాటిది. దానికి కొత్త ముద్దాయి అక్కర్లేదు.

అసలు ప్రమాదం మరొకటుంది. విలేఖరి వికీపీడియా చూసి రాస్తాడు, రేపు వికీపీడియా ఆ వార్తనే మూలంగా చూపిస్తుంది. మన తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషమన్నారు. ఒకరినొకరు పట్టుకున్న ఇద్దరూ నూతిలోనే ఉంటారు. మూలం తేదీ ముందుదా, వ్యాసంలో ఆ వాక్యం చేరిన తేదీ ముందుదా అని 'చరిత్ర' తెరిచి పోల్చుకోగల పిల్లవాడికి తర్కశాస్త్రంలో సగం పాఠం అయినట్టే.

తెలుగులో ఇబ్బంది వేరు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకుని, అకారం దాటకముందే 1923లో కన్నుమూశారు. ఒక్కరి ఆయుష్షు చాలని పని అది. ఇప్పుడు చేతులు కలపడానికి చోటుంది, రాసే చేతులే తక్కువ. అందుకే మన ఊళ్ల వ్యాసాలు చాలావాటిలో 2011 జనాభా లెక్కలే తప్ప ఊరు కనిపించదు. చెరువు ఎవరు తవ్వించారో అవ్వ చెబుతుంది. ప్రచురితమైన ఆధారం లేదు కాబట్టి వికీపీడియా దాన్ని తీసుకోదు. మొదట ఎవరన్నారో తెలియకుండా తరతరాలుగా వచ్చే మాటను నైయాయికులు ఐతిహ్యమన్నారు. వేరే ప్రమాణంగా ఒప్పుకోకపోయినా, శబ్దంలోనే కలిపి దానికో చోటిచ్చారు. ఈ ఒక్క విషయంలో మాత్రం వికీపీడియా వాళ్లకన్నా కఠినం, నా దృష్టిలో అతికఠినం. ఆ నిబంధన సడలేదాకా ఊరి పిల్లలకు మిగిలిన దారి ఒకటే. అవ్వ మాట రాసుకుని, చెరువు గట్టున శాసనం ఏదైనా ఉందేమో, జిల్లా గెజిటీరులో ఆ చెరువు ప్రస్తావన ఉందేమో చూసుకోవాలి.