పీపాలో పగిలిన రాళ్లు



మా యింటి వసారాలో ఒక చిన్న యంత్రము గలదు. రెండు ఇరుసులమీద ఒక రబ్బరు పీపా రాత్రింబగళ్లు మెల్లగా దొర్లుచుండును. దానిలో గులకరాళ్లు, నీళ్లు, సిలికాన్ కార్బైడ్ పొడి వేసి మూత బిగింతుము. మొదట 60–90 నంబరు ముతక పొడి, పిమ్మట 120–220, ఆ పిమ్మట 500, కడపట అల్యూమినియం ఆక్సైడుతో మెరుగు. ఒక్కొక్క దశకు సుమారు వారము దినములు పట్టును. ఏరు ఎన్నో ఏండ్లలో చేయు పనిని ఈ పీపా ఒక నెలలో చేయును. దావీదు ఏటిలో ఏరుకొన్న అయిదు నున్నని రాళ్లకు ఇంత తొందర లేకుండెను.

గడచిన వేసవిలో మూడవ దశ ముగించి మూత తీయగా మా కన్నులు చెదరినవి. అగేటు రాళ్ల అంచులు పెచ్చులూడియుండెను. పలుగురాళ్లమీద గోటితో నొక్కినట్టు నెలవంక గాట్లు. ఒకటి నడిమికి రెండుగా చీలియుండెను. "ఇవి మంచి రాళ్లు కావు, లోపల పగుళ్లుండి యుండును" అని మేమంటిమి. మా యింట నుండి చదువుకొనుచున్న మేనల్లుడు ప్రక్కన నిలువబడి, "మామయ్యా, మీరు పీపా సగమే నింపినారు గదా" అనెను.

వాడన్నది నిజము. పీపా మూడింట రెండువంతులైనను, ముప్పాతికైనను నిండియున్నయెడల రాళ్లు ఒకదానిమీద నొకటి జారుచు అరుగును. సగమే యున్నయెడల పైకెక్కి ధబాలున క్రిందపడి ఒకదాని నొకటి కొట్టుకొనును. అది అరుగుట కాదు, దెబ్బ తినుట. ఆ వారమంతయు పీపా పెద్దగా చప్పుడు చేయుచునే యుండెను. మేము వినియు లెక్కచేయలేదు. ఇంకను ఆలోచింపగా మా తప్పులు మరికొన్ని బయలుపడెను. గట్టితనము 7 గల పలుగురాళ్లతో గట్టితనము 4 మాత్రమే గల ఫ్లోరైటును కలిపితిమి. దానికి నాలుగు వైపుల చీలు స్వభావము గలదు. ఎండకు కాగిన పీపాలోని రాళ్లను కుండలోని చల్లని నీళ్లతో కడిగితిమి. గుజరాతులోని ఖంభాతులో అగేటు పూసలు చేయువారు రాతిని ఎరుపెక్కించుటకు కాల్చునప్పుడు మెల్లగా వేడిచేసి, మెల్లగానే చల్లారనిత్తురు. ఆ మాట చదివియు మరచితిమి.

లోపలి పగులు అనునది లేకపోలేదు. రాతిని తడిపి ఆరనిచ్చిన, పగులున్నచోట తడిగీత కొంతసేపు నిలుచును. అట్టివాటిని మొదటి దశ కాగానే తీసివేయవలెను. లేనియెడల ఊడిన పెచ్చు తక్కినవాటినన్నిటిని గీకును. మేము మాత్రము ఒక్క రాతినైనను తడిపి చూడకయే, తప్పంతయు రాతిదే యంటిమి.

ఈ మాట మమ్మును కొన్ని దినములు విడువలేదు. ఏలయనగా అర్ధసంవత్సర పరీక్షలో లెక్కలలో తప్పిన ఆ పిల్లవానిని మేము ఆటకు పోనియ్యలేదు. ఇంటికి వచ్చినవారి యెదుట గద్దించితిమి. శ్రమ మనిషికి మెరుగు దిద్దునని చెప్పుకొంటిమి. వాడు క్రమముగా మాటలు తగ్గించి, అన్నమునొద్దను తల వంచుకొనియే యుండెను. వాని తల్లి అడుగగా, "వానిలోనే పట్టుదల లేదమ్మా" అంటిమి.

రోమీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయములో పౌలు శ్రమను గూర్చియు, ఓర్పును గూర్చియు వ్రాసెను. అయితే అది తానును పాలుపొందిన శ్రమ. మరియొకనిని పీపాలో వేసి త్రిప్పుటకు ఆ అధ్యాయము ఎవరికిని సెలవియ్యలేదు. అయితే పిల్లలను దేనికిని తాకనియ్యకుండ పెంచవలెనా? అట్లును అనలేము. గరుకు పొడి వేయక మెత్తని ప్లాస్టిక్కు గుళికలతోనే త్రిప్పిన రాయి నెల తరువాతను గరుకుగానే యుండును. ఎంత చాలును, ఎంత అధికము అనునది రాళ్ల విషయములో వారమున కొకసారి మూత తీసి చూచినవారికి తెలియును. ఆ పిల్లవానిని మేము అయిదు నెలలలో ఒక్కసారియైనను, "నీకెట్లున్నదిరా?" అని అడుగలేదు. లోపల పగులున్నదను మాట ఎంత సులువైనదనగా, అది చెప్పినవాడు మరి దేనిని వెదకనక్కరలేదు.

పెచ్చులూడిన రాళ్లను మరల ముతక పొడిలో వేసితిమి. ఈసారి మేనల్లుడే చిన్న పింగాణి ముక్కలు కలిపి, ముప్పాతికవరకు నింపి, రాళ్ల పైభాగమునకు కొంచెము తక్కువగా నీళ్లు పోసెను. నడిమికి చీలిన రాయి మాత్రము అతుకదు. దానిని వాడు తన పుస్తకముల బల్లమీద పెట్టుకొనెను. ఆ రాత్రి మేము మా చెల్లెలికి ఫోను చేసి, మునుపు చెప్పిన మాట సరికాదని చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "వానితో చెప్పినావా అన్నయ్యా?" అని అడిగెను.