ఒకటి తక్కువైనదని ఎట్లు తెలిసెను?

లూకా 15వ అధ్యాయములోని కాపరి లెక్కించెను గనుకనే నూరింటిలో ఒకటి తప్పిపోయినదని ఎరిగెను. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ బాలింతల మరణములను లెక్కించి, శవపరీక్ష చేసి వచ్చిన వైద్యుల చేతులే కారణమని గ్రహించెను. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడిగించగా మరణములు మిక్కిలి తగ్గెను. నేటికిని మనవంటి దేశములలో ఆసుపత్రిలో చేరిన నూరుగురిలో 15 మందికి అక్కడనే క్రొత్త అంటు సోకుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపెను.

తిరువళ్లూరు, తిరుత్తణి ఆసుపత్రులలో రోగులను పరామర్శించు మనము, తలపై చేయి ఉంచి ప్రార్థించుటకు ముందును తరువాతను చేతులు కడుగుకొందము. మంచముపై కూర్చుండవద్దు. మనకు జ్వరమున్నయెడల ఇంటనే ప్రార్థింతము. ఆపరేషను గాయము చీము పట్టినయెడల వెంటనే నర్సుతో చెప్పుదము. లెక్కలోనికి రాని గాయమును ఎవరు వెదకుదురు? ఆ ఒక్కరిని వెదకు ప్రభువు మన చేతులను వాడుకొనును గాక. ఆమేన్.