దిద్దిన గొంతు అబద్ధమా?



క్రిస్మసు సమీపించుచున్నదనగా మన యౌవనస్థులు క్రొత్త పాటయొకటి కట్టి, పట్టణములోని రికార్డింగు స్టూడియోకు పోయి పాడి వచ్చుట ఇప్పుడు మన పల్లెలలో వాడుకయైనది. కొన్ని దినములకు ఆ పాట అందరి సెల్‌ఫోనులలోను మ్రోగును. ఎక్కడను అపస్వరము వినబడదు. ఆలాగు పాడి వచ్చిన చెల్లెలొకతె, "అయ్యగారూ, రెండవ చరణములో నేను శ్రుతి తప్పితిని. అక్కడివారు కంప్యూటరులో సరిచేసిరి. ఇప్పుడందరును నన్ను మెచ్చుకొనుచున్నారు. ఈ మెప్పు నేను తీసికొనవచ్చునా?" అని అడిగెను. ఇది మనస్సాక్షి గలవారు అడుగవలసిన ప్రశ్న. దీనిని మనమందరము కలిసి ఆలోచింతము.

మొదట ఆ పని ఎట్లు జరుగునో తెలిసికొందము. పాడిన స్వరము కంప్యూటరు తెరమీద ఒక గీతవలె కనబడును. ఎడమనుండి కుడికి కాలము నడచును. గొంతు హెచ్చినచోట గీత లేచును, తగ్గినచోట దిగును. స్వరము చాలనిచోట పనివాడు ఆ గీతను పైకి జరుపును. ఒక స్వరమునకును దాని ప్రక్క స్వరమునకును నడుమనున్న దూరమును వారు 100 భాగములుగా లెక్కింతురు. ఏ క్షణమున ఎన్ని భాగములు ఎత్తవలెనో, ఎన్ని దించవలెనో ఒక్కసారి గుర్తువేసినయెడల, పాట నడచినప్పుడెల్ల యంత్రము తనంతట తానే ఆ ప్రకారము చేయును.

పూర్వము గ్రామఫోను పళ్లెమును వడిగా త్రిప్పినయెడల శ్రుతి హెచ్చెడిది, దానితోకూడ పాట వేగమును హెచ్చెడిది. కంప్యూటరు ఈ రెంటిని సుళువుగా వేరుచేసెను. ఆండీ హిల్డెబ్రాండ్ అను అమెరికా దేశస్థుడు, భూమిలోనికి ధ్వని తరంగములను పంపి, తిరిగివచ్చిన వాటినిబట్టి చమురుండు తావులు వెదకు విద్యలో ఆరితేరినవాడు. అట్టి లెక్కలనే అతడు మనుష్యుని గొంతునకు వర్తింపజేసెను. 1997లో ఆటో-ట్యూన్ అను సాధనము వచ్చినది ఆ విధముగానే.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. మన ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరుపొందినది. 22 క్యారెట్ల నగలో వెయ్యి పాళ్లకు 916 పాళ్లే బంగారము. మిగిలినది రాగి మొదలైన లోహములు. మేలిమి బంగారము మెత్తన గనుక నగ నిలుచుటకు వేరొక లోహము కలుపక తీరదు. కలిపినందుకు కంసాలిని ఎవరును దొంగ యనరు. 916 అని ముద్రవేసి అమ్మువాడు న్యాయస్థుడే. అదే నగను మేలిమియని అమ్మినవాడు మోసగాడు. నగ మారలేదు, దానినిగూర్చి చెప్పిన మాట మారినది.

అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయములో అననీయ సప్పీరాల సంగతి మీరెరుగుదురు. పొలము వారిదే, దాని వెలయు వారిదే. కొంత దాచుకొనినందుకు పేతురు వారిని తప్పుపట్టలేదు. కొంత తెచ్చి, ఇదియే అంతయునని చెప్పుటలోనే వారి పాపమున్నది. గొంతు విషయములోను న్యాయమిదే. యంత్రము దిద్దిన భాగమును కూడ నా కంఠబలమేయని చెప్పుకొనినప్పుడే అబద్ధము పుట్టును.

దిద్దుటే తప్పని కొందరందురు. ఫోనులు లేని దినములలో మన జిల్లా తల్లులు కువైటులోనున్న కుమారులకు జాబులు వ్రాయించెడివారు. వ్రాయువాడు తల్లి చెప్పిన మాటలలోని తప్పులు దిద్దినను అది తల్లి జాబే. ఆమె అనని మాట చేర్చినయెడల అది ఆమె జాబు కాదు. బాగుగా పాడిన పాటలో జారిన ఒక్క స్వరమును ఎత్తుట మొదటిదానివంటిది. పాడనేరని వానిని గొప్ప గాయకునిగా నిలువబెట్టుట రెండవదానివంటిది. ఇక పాటల పోటీకి దిద్దిన రికార్డును దిద్దనిదని పంపి బహుమానము పొందువాడు, తన ప్రక్కవాని బహుమానము అపహరించుచున్నాడు.

గొంతు మనుష్యునికి సాక్షి. ఆదికాండము 27వ అధ్యాయములో యాకోబు మేకపిల్లల చర్మముతో చేతులు కప్పుకొనెను, అన్న వస్త్రములు ధరించెను, కాని గొంతును మార్చుకొనలేకపోయెను. గ్రుడ్డివాడైన ఇస్సాకునకు అనుమానము కలిగించినది ఆ గొంతే. నేడు దానినికూడ మార్చవచ్చును. 2020లో మరణించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గారి గొంతును కృత్రిమ మేధచేత పుట్టించి, 2023లో విడుదలైన 'కీడా కోలా' అను తెలుగు చిత్రములో తమ అనుమతి లేక వాడిరని, ఆయన కుమారుడు 2024లో ఆ చిత్రమువారికి నోటీసు పంపెను. సాధనము బలపడినకొలది దానిని పట్టిన చేతికి ఎక్కువ భయభక్తులు కావలెను.

వీటన్నిటికంటె నాకు ఎక్కువ దిగులు కలిగించునది మరియొకటి గలదు. నిత్యము దిద్దిన పాటలే వినిన చెవికి దిద్దని గొంతు మోటుగా తోచును. ఫోనులో పాట అంత చక్కగా నుండగా మేమేల నోరు తెరువవలెనని పెద్దలు ఊరకుందురు. పిల్లలు వారినిచూచి నవ్వుదురు. ఆ సాధనమును 12 స్వరస్థానములకు గట్టిగా కట్టివేసినయెడల, స్వరమునుండి స్వరమునకు జారు గమకమునుకూడ తప్పుగా ఎంచి చదునుచేయును. పురుషోత్తమ చౌధరి (1803–1890) మొదలైన మన భక్తులు రాగతాళములతో కట్టిన కీర్తనలకు ఆ జారుటయే ప్రాణము. గమకము పలుకదను అభ్యంతరముతో ఆలిండియా రేడియో 1940 నుండి 1971 వరకు హార్మోనియమును దూరముంచెను. అదే హార్మోనియము మన దేవాలయములలో సంఘపు గొంతునకు తోడుగా నిలిచి, ఎందరికో పాట నేర్పినది. తోడుండు సాధనము మేలు. గొంతు మూయించు సాధనము కీడు.

కాబట్టి ఆ చెల్లెలికి నేనిచ్చు ఉత్తరమిది. అమ్మా, నీవు పాడినదానికి వచ్చిన మెప్పును కృతజ్ఞతతో తీసికొనుము. దిద్దినదానిని అడిగినవారికి దాచక చెప్పుము. నిన్ను పొగడి, తమకు గొంతులేదని సిగ్గుపడువారికి అడుగకమునుపే చెప్పుము. ఆ ఒక్క మాట వారి నోరు తెరువవచ్చును. సంఘ పెద్దలకు నా మనవి ఏమనగా, ఆరాధనలో రికార్డు వేసి పెదవులు మాత్రము కదిలించు అలవాటును రానియ్యకుడి. క్రొత్త పాటను ఫోనులో విని నేర్చుకొనుడి. నేర్చిన తరువాత ఫోను మూసి పాడుడి.

నూరవ కీర్తన సర్వభూమిని ఉత్సాహధ్వని చేయుమని పిలుచుచున్నది. శ్రుతి కుదిరినవారే రండని అందులో లేదు. వచ్చే ఆదివారము వెనుక వరుసలో పళ్లూడిన అవ్వ వణకు గొంతుతో పల్లవి ఎత్తుకొనినప్పుడు ఆమె ప్రక్కన కూర్చుండి, ఆమెతోకూడ పాడుడి. అట్లు పాడుటకు దేవుడు మనకందరికి ధైర్యము దయచేయునుగాక.